పదహారేళ్ల పాపకు కీమో అవుతోంది, ఆ నవల చదవనివ్వొచ్చా?

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాపకు పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. మోకాలి పైన ఎముకలో ఆస్టియోసార్కోమా, అంటే ఒక రకం ఎముక క్యాన్సర్. కీమో నడుస్తోంది, ఆపరేషన్ ఇంకా కాలేదు. పాపతో మాత్రం ‘ఎముకలో గడ్డ, మందులతో తగ్గిపోతుంది’ అని చెప్పారు. క్యాన్సర్ అనే మాట ఇంట్లో ఎవరూ పలకలేదు. ఈ మధ్య కాలేజీ స్నేహితురాలొకమ్మాయి జాన్ గ్రీన్ రాసిన ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ నవల తెచ్చిచ్చింది. వెనక అట్ట చదివి మీకు గుండె ఝల్లుమంది. తీసి బీరువాలో పెట్టేశారు. పాప ‘నా పుస్తకమేది’ అని అడుగుతోంది. ఇవ్వాలా, వద్దా?

నేను క్యాన్సర్ వార్డులో మొదట నర్సుగా, తర్వాత కౌన్సెలర్‌గా పనిచేశాను. ఎక్కువగా ఈ వయసు పిల్లలతోనే. ఈ నవల చాలా దిండ్ల కింద చూశాను. నా సలహా ఇవ్వండనే. కాకపోతే దానికి ముందు మీరు పాపతో ఒక మాట మాట్లాడాలి. అది మాట్లాడకుండా పుస్తకం ఇచ్చినా ఒకటే, దాచినా ఒకటే.

పాపకు తెలుసమ్మా. ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటారా? మీ పాపకు ఎక్కిస్తున్న వాటిలో డోక్సోరూబిసిన్ ఉండే ఉంటుంది. ఈ జబ్బుకు దాదాపు అందరికీ అది ఇస్తారు. ఎర్రగా ఉంటుంది, ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అందుకే వార్డులో దాన్ని ‘ఎర్ర మందు’ అంటారు. ఆ పేరు ఫోన్‌లో కొడితే మొదటి లైన్లోనే క్యాన్సర్ అని వస్తుంది. ఇంటర్ చదివే పిల్ల ఆ పని చేయకుండా ఉంటుందా? ఇక జుట్టు రాలడం, పక్క బెడ్ వాళ్ల ఫోన్ మాటలు, ఆరోగ్యశ్రీ కాగితాల మీద రాసి ఉండే జబ్బు పేరు, ఇవన్నీ సరేసరి. వీటన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆ పుస్తకమే. ‘గడ్డ’ ఉన్న స్నేహితురాలికి ఎవరైనా క్యాన్సర్ నవల తెచ్చిస్తారా? వాళ్లిద్దరూ ఈ విషయం మాట్లాడుకునే ఉంటారు. మీ ఇంట్లో మాట్లాడుకోనిది మీరొక్కరే.

ఈ వయసు పిల్లలు తమకు తెలుసన్న సంగతిని అమ్మానాన్నల దగ్గర భలే దాస్తారు. ఒకమ్మాయి ఉండేది, మీ పాప ఈడుదే. ఒకరోజు పొద్దున నేను బీపీ చూస్తుంటే, ‘అక్కా, మా అమ్మని కాసేపు కిందికి పంపవా, రాత్రి కూడా ఏమీ తినలేదు’ అంది. వాళ్లమ్మను క్యాంటీన్‌కి పంపించాను. లిఫ్ట్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి, ‘దానికేం తెలీదమ్మా, ఏమడిగినా చెప్పకండి’ అని నా చెవిలో చెప్పి వెళ్లింది ఆవిడ. నేను లోపలికి వచ్చేసరికి పిల్ల అడిగిన మొదటి మాట, ‘ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందా అక్కా?’ ఆవిడ ఇడ్లీ పొట్లంతో తిరిగి వచ్చేసరికి ఇద్దరం ఏదో కొత్త సినిమా గురించి మాట్లాడుతున్నాం. మాట మార్చింది ఆ పిల్లే, నేను కాదు. అమ్మ చెప్పుల చప్పుడు కూడా గుర్తుపట్టేది.

ఇక నవల సంగతి. 2012లో వచ్చింది, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది. కథ చెప్పే అమ్మాయి హేజెల్‌కు థైరాయిడ్ క్యాన్సర్, ఊపిరితిత్తులకు పాకింది, ఎక్కడికెళ్లినా ఆక్సిజన్ సిలిండర్ లాక్కుంటూ వెళ్తుంది. చర్చి బేస్‌మెంట్‌లో క్యాన్సర్ పిల్లల మీటింగ్‌లో ఆగస్టస్ అనే అబ్బాయి పరిచయమవుతాడు. అతనికి ఆస్టియోసార్కోమా వల్ల ఒక కాలు తీసేశారు. ఐజాక్ అని ఇంకో అబ్బాయి, క్యాన్సర్ వల్ల రెండు కళ్లూ పోతాయి. హేజెల్, ఆగస్టస్ ప్రేమించుకుంటారు. తమకు ఇష్టమైన రచయితను కలవడానికి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తారు. అక్కడే ఆగస్టస్ తనకు జబ్బు తిరగబెట్టిందని చెబుతాడు. తర్వాత చనిపోతాడు. హేజెల్ కథ చివర కూడా బతికే ఉంటుంది.

మీ భయం అక్కడే ఉందని తెలుసు. అదే జబ్బు, కథలో ఆ పిల్లాడు పోతాడు. దీన్ని చుట్టూ తిప్పి చెప్పను. పాప పుస్తకం తెరవక ముందే ‘అందులో అబ్బాయికి నీకున్న జబ్బే, అతను చనిపోతాడు, అది తెలిసి చదువుతావా, వద్దా’ అని మీరే అడగండి. బహుశా తెలుసంటుంది. అయినా మీ నోటి నుంచి వినడం వేరు. ముందే తెలిస్తే ఆ పేజీ దగ్గర ఒంటరిగా కూలిపోదు.

నవలలోని వైద్యాన్ని మాత్రం మీ పాపకు అన్వయించుకోవద్దు. ఇది నేను చెప్పడం కాదు, రచయితే పుస్తకం చివర ఒప్పుకున్నాడు. హేజెల్‌ను నిలబెట్టే ఫాలాంక్సిఫర్ అనే మందు లోకంలో లేదు, అలాంటిది ఉంటే బాగుండునని కల్పించానన్నాడు. క్యాన్సర్ అసలు చరిత్ర కావాలంటే మన సిద్ధార్థ ముఖర్జీ రాసిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ చదవమన్నాడు. పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినా ఆపరేషన్‌తో, రేడియో అయోడిన్‌తో చాలామంది దశాబ్దాలు బతుకుతారు. హేజెల్ పరిస్థితి అరుదు. అరుదే కానీ అబద్ధం కాదు. ఈ నవలను ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి అంకితమిచ్చాడు. ఆమె 2010లో పదహారేళ్లకే థైరాయిడ్ క్యాన్సర్‌తో పోయింది. హేజెల్ ఆ అమ్మాయి కాదని రచయిత చాలాసార్లు చెప్పాడు.

ఆస్టియోసార్కోమా విషయానికొస్తే, ఆగస్టస్‌కు కాలు తీసేశారు కాబట్టి మీ పాపకూ తీసేస్తారని ఏమీ లేదు. ఇప్పుడు చాలామందికి జబ్బున్న ఎముక ముక్క తీసి లోపల లోహపు ఎముక వేసి కాలు నిలుపుతారు. కొందరికి కుదరదు, నరాలను, రక్తనాళాలను గడ్డ ఎంత పట్టుకుందన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో, ఇది వరస. తీసిన ఎముకను ల్యాబ్‌లో పరీక్షిస్తారు. అందులో 90 శాతం, ఆపైన క్యాన్సర్ కణాలు చచ్చిపోయి ఉంటే మందు బాగా పట్టిందని లెక్క. ఆ రిపోర్ట్ గురించి మీరు మర్చిపోకుండా అడగండి. వేరే చోటికి పాకకముందే దొరికి, వైద్యం మధ్యలో ఆగకుండా పూర్తయినవాళ్లలో సుమారుగా మూడింట రెండు వంతుల మంది దాకా కోలుకుంటారు. తిరగబెడితే ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే కనిపిస్తుంది, అందుకే వైద్యం అయిపోయాక కూడా ఛాతీ స్కాన్‌లు తీస్తూనే ఉంటారు. మీ పాప ఏ లెక్కలోకి వస్తుందన్నది మీ డాక్టరుగారే చెప్పాలి. నవల చెప్పలేదు, నేనూ చెప్పలేను.

మరి వైద్యం సరిగ్గా లేని నవలను ఎందుకు ఇవ్వమంటున్నాను? జబ్బుతో బతకడం గురించి అది రాసిన తీరు కోసం.

మన దగ్గర క్యాన్సర్ అంటే ఎప్పటినుంచో సినిమా క్యాన్సరే. 1981లో ‘ప్రేమాభిషేకం’లో అక్కినేని తనకు జబ్బుందని తెలిసి, ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకునేలా నాటకమాడతాడు. చెప్పకపోవడమే త్యాగం, చెప్పకపోవడమే ప్రేమ. మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్నది ఆ పద్ధతే అనిపిస్తుంది నాకు. 1989లో మణిరత్నం ‘గీతాంజలి’ దీన్ని కొంత తిరగేసింది. అందులో ఇద్దరూ జబ్బు మనుషులే, తను చచ్చిపోతానని ఆ అమ్మాయే తొణక్కుండా చెబుతుంది. అందుకే ఆ పిల్ల ఇన్నేళ్లయినా గుర్తుండిపోయింది. కానీ అక్కడ కూడా జబ్బంటే ఊటీ పొగమంచు, ఇళయరాజా పాట. వాంతి చేసుకున్న బేసిన్ ఎవరు కడిగారన్నది సినిమాకు అక్కర్లేదు.

ఈ నవలకు అది కావాలి. ఆగస్టస్ బాగా నీరసించిపోయాక ఒక అర్ధరాత్రి ఒక్కడే కారు నడుపుకుంటూ పెట్రోల్ బంకు దగ్గరికి వెళ్తాడు, సిగరెట్లు కొనుక్కుందామని. కాల్చడానికి కాదు. వెలిగించకుండా నోట్లో పెట్టుకోవడం వాడికి మొదటినుంచీ ఒక షోకు. తన పని తను చేసుకోగలనని ఒక్కసారి రుజువు చేసుకోవాలి, అంతే. పొట్టలోకి వేసిన ట్యూబ్ దగ్గర ఇన్ఫెక్షన్ చేరి ఉంటుంది. కదల్లేక, వాంతి చేసుకుని, కారులో ఏడుస్తూ హేజెల్‌కు ఫోన్ చేస్తాడు, అంబులెన్స్‌ను పిలవొద్దని బతిమాలతాడు. ఆమె వెళ్తుంది, అంబులెన్స్‌ను పిలుస్తుంది. అంతకుముందు పేజీల నిండా గొప్ప గొప్ప మాటలు మాట్లాడిన కుర్రాడు, ఇక్కడ ఇలా ఉంటాడు. ఒక్క డబ్బా సిగరెట్లు తనంతట తను కొనుక్కోవాలన్న ఆ పంతాన్ని నేను వార్డులో ఎన్ని రూపాల్లో చూశానో చెప్పలేను. బెడ్‌పాన్ వద్దని వాకర్ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్లే పిల్లలు, నేనే స్నానం చేస్తానని లోపల గడియ పెట్టుకునే పిల్లలు. మీ పాప ఎందుకు చిరాకు పడుతోందో ఆ అధ్యాయం మీకు చెబుతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఈ పిల్లలు మరీ తెలివిగా మాట్లాడతారు. ప్రతి వాక్యం నోట్‌బుక్‌లో రాసుకోవాలన్నట్టు ఉంటుంది. అసలు కీమో రోజుల్లో ఎవరికీ అంత ఓపిక ఉండదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీలకు చిక్కకుండా అన్నె ఫ్రాంక్ అనే యూదుల అమ్మాయి దాక్కున్న ఇంట్లో ముద్దు పెట్టుకుంటే చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొట్టే సన్నివేశం నాకు అస్సలు మింగుడుపడలేదు. డబ్బు గురించి పెద్దగా దిగుల్లేదు, ఆ ప్రయాణం ఖర్చు పిల్లల కోరికలు తీర్చే ఒక సంస్థ పెట్టుకుంటుంది. మన వార్డులో సగం మాటలు ఆరోగ్యశ్రీ కార్డులో ఇంకెంత మిగిలింది, రూమ్ అద్దె ఎంత, ఊళ్లో పొలం ఎవరు చూస్తున్నారు అన్నవే. ఆ ముక్క మీ పాప కూడా గమనిస్తుంది, నవ్వుకుంటుంది కూడా. హోటల్‌లో ఇద్దరూ దగ్గరయ్యే సన్నివేశం ఒకటుంది. చాలా క్లుప్తంగా, వర్ణనల్లేకుండా ఉంటుంది. మీరు దానికి కంగారుపడి పుస్తకం ఆపొద్దు. ఇంతకంటే ఎక్కువే ఫోన్‌లో చూస్తున్నారు.

ఇప్పుడు, మీరు తప్పక చదవాల్సిన భాగం. అవును, మీరు. పాపకు ఇచ్చేముందు ఒకసారి మీరు చదవండి, మొత్తం కాకపోయినా హేజెల్ తల్లిదండ్రులున్న చోట్లయినా.

ఆ పిల్లకు చావంటే ఉన్న భయం కంటే, తను పోతే వీళ్లిద్దరూ ఏమైపోతారన్న భయం ఎక్కువ. తనను తాను ఎప్పుడో పేలబోయే గ్రెనేడ్ అనుకుంటుంది, దగ్గరికి ఎవరూ రాకపోతే మంచిదనుకుంటుంది. చిన్నప్పుడు ఐసీయూలో తను పోతుందనుకున్న క్షణంలో, ఇక నేను తల్లిని కానని వాళ్లమ్మ ఏడవడం విని ఉంటుంది. ఆ మాట ఆ పిల్ల మనసులో దిగబడిపోయింది. కథ చివర్లో ఒక పెద్ద గొడవ జరుగుతుంది. నేను పోయాక నువ్వు ఎవరిని చూసుకుంటావు, నీకంటూ ఏముంటుందని అరుస్తుంది. అప్పుడు బయటపడుతుంది, వాళ్లమ్మ రహస్యంగా సోషల్ వర్క్ కోర్సు చదువుతోందని. కూతురికి తెలిస్తే ‘నేను పోతానని ఇప్పుడే సిద్ధపడుతున్నావా’ అని బాధపడుతుందేమోనని దాచింది. తీరా విన్నాక హేజెల్ ఆనందంతో ఏడుస్తుంది. నా తర్వాత కూడా అమ్మకు ఒక బతుకుందన్నమాట అని.

మీ పాప కూడా మిమ్మల్నే చూస్తూ ఉంటుంది. మీరు తిన్నారా, పడుకున్నారా, మీ ఉద్యోగం ఏమైంది, తమ్ముడి స్కూల్ సంగతేంటి అని. మీరు లీవ్‌లో ఉన్నానని రాశారు. మళ్లీ ఎప్పుడు చేరతారో పాపకు చెప్పండి. మీ చెల్లెలు వచ్చి ఒక రాత్రి ఉంటానంటే ఉండనివ్వండి, మీరు ఇంటికెళ్లి పడుకోండి. పాపను వదిలి వెళ్తున్నానన్న అపరాధభావం వద్దు. ఆమెకు అది పెద్ద ఊరట.

జబ్బు పేరు ఎలా చెప్పాలి? ముందు మీ డాక్టరుగారితో ‘మేము పాపకు చెప్పబోతున్నాం’ అనండి. చాలామంది డాక్టర్లు తామూ కూర్చుని చెబుతారు, వాళ్లకూ ఈ దాగుడుమూతలు ఇబ్బందే. వార్డు రౌండ్స్‌లో, పదిమంది ముందు కాకుండా, ఒక మధ్యాహ్నం తలుపేసుకుని చెప్పండి. ‘నీ కాలి గురించి నీకేం తెలుసు నాన్నా?’ అని మొదలుపెట్టండి. తెలిసింది చెబుతుంది. తప్పుంటే సరిదిద్దండి. ‘ఇది ఎముక క్యాన్సర్. నువ్వు భయపడతావని పేరు చెప్పలేదు. ఇకమీదట డాక్టర్ ఏం చెప్పినా నీకు చెబుతాను’ అంటే చాలు. ఉపన్యాసం వద్దు. ఏడిస్తే ఏడవనివ్వండి, మీకు ఏడుపొస్తే మీరూ ఏడవండి. కోప్పడుతుంది కూడా, ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేమని. పడనివ్వండి.

‘నేను చచ్చిపోతానా’ అని అడిగితే మన నోట్లోంచి వెంటనే వచ్చేది ‘ఛ, అవేం మాటలు, నోర్ముయ్’. ఆ ఒక్క మాటతో ఇంకెప్పుడూ మిమ్మల్ని అడగదు. ఫోన్‌ను అడుగుతుంది. దానికి బదులు, ‘ఎప్పటినుంచి అనుకుంటున్నావు ఇది?’ అనండి. తర్వాత నిజం చెప్పండి. ‘జబ్బు పెద్దదే. దీన్నుంచి బయటపడినవాళ్లు చాలామంది ఉన్నారు, పడనివాళ్లూ ఉన్నారు. నువ్వు బయటపడాలనే ఈ మందులన్నీ. ఏదైనా నీతో ఉంటాను.’ తప్పకుండా నయమైపోతుందని ఒట్టు వేయకండి. రేపు ఒక స్కాన్ తేడాగా వస్తే మీ మిగతా మాటలన్నీ కూడా నమ్మదు.

పుస్తకం ఇవ్వడానికి రోజు చూసుకోండి. ఎర్ర మందు ఎక్కిన వారం వద్దు, సిస్ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు తెచ్చే వాంతుల రోజుల్లో అసలే వద్దు. స్కాన్ రిపోర్ట్ కోసం ఎదురుచూసే టెన్షన్‌లో, ఆపరేషన్‌కు ముందు వారంలో వద్దు. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, కోలుకుని, ఇంట్లో కాస్త తింటూ తిరుగుతున్న రోజుల్లో ఇవ్వండి. చదువుతున్నప్పుడు పక్కన కూర్చుని ముఖం చూస్తూ ఉండకండి. మధ్యలో ఆపేస్తే ఎందుకు ఆపావని అడగకండి. ‘ఎంతవరకు వచ్చింది’ అని ఎప్పుడైనా అడిగితే సరిపోతుంది. నిద్ర పూర్తిగా పోయినా, అన్నం మానేసినా, ‘ఇక కీమో వద్దు’ అని పట్టుబట్టినా అది నవల మీదకు నెట్టేసి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి. మీ హాస్పిటల్‌లో సైకో ఆంకాలజిస్ట్, అంటే క్యాన్సర్ రోగుల మనసు సంగతి చూసే నిపుణులు, ఉంటే వాళ్లను కలవండి.

సినిమా చూపించొచ్చా అని కూడా చివర్లో రాశారు. ఇంగ్లిష్ సినిమా 2014లో వచ్చింది, నవలకు దగ్గరగా ఉంటుంది. హిందీలో ‘దిల్ బేచారా’ దీని ఆధారంగానే తీశారు, జంషెడ్‌పూర్‌లో మొదలై పారిస్‌కు వెళ్తుంది. దాన్ని ఇప్పుడే చూపించొద్దని నా అభిప్రాయం. సినిమా బాగాలేక కాదు. హీరో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 2020 జూన్‌లో చనిపోయాడు, సినిమా జులైలో విడుదలైంది. చూసేవాళ్లకు కథలో చావు, బయటి చావు కలిసిపోతాయి. పుస్తకాన్ని ఎక్కడైనా మూసి పక్కన పెట్టొచ్చు, పాటలు నేపథ్యంలో మోగుతూ ఉంటే తెర ముందు నుంచి లేవడం అంత తేలిక కాదు.

ఆ స్నేహితురాలి మీద కోపం పెట్టుకున్నట్టున్నారు. పెట్టుకోకండి. జుట్టు రాలాక చాలామంది స్నేహితులు మెసేజ్‌లకు పరిమితమైపోతారు. నవలలో ఐజాక్‌ను ఆపరేషన్‌కు ముందే వదిలేసి వెళ్లిపోయే అమ్మాయి ఉంది, ఆగస్టస్ పోయాక ఫేస్‌బుక్‌లో పేరాలు పేరాలు రాసే జనం ఉన్నారు, బతికున్నప్పుడు ఒక్కరూ రాలేదు. ఈ పిల్ల ఇంటికి వచ్చింది, చేతిలో పుస్తకంతో వచ్చింది. జలుబు, జ్వరం లేనప్పుడు, చేతులు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని రమ్మనండి. కౌంట్స్ తక్కువున్న రోజుల్లో వీడియో కాల్ చాలు. వాళ్లిద్దరూ గదిలో ఉన్నప్పుడు టీ ఇచ్చి బయటికి వచ్చేయండి.

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక మళ్లీ రాయండి. కాలు నిలిపే సర్జరీ గురించి, తర్వాత ఫిజియోథెరపీ గురించి సర్జన్‌ను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అప్పుడు చెబుతాను.